మావయ్య ఆరో కార్డు

నోరున్నవాళ్ళకి పనికిరాని ఉద్యోగం ఒకటుంది. దాన్ని నేను ఇరవై ఆరేళ్ళు చేశాను. చూపూ వినికిడీ రెండూ పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం, చేతుల్లో చేతులు పెట్టి వాళ్ళతో మాట్లాడటం, వాళ్ళ పనులు వాళ్ళే చేసుకునే దారి వెతకడం, ఇదీ పని. ఆఫీసు గుడివాడలో. నా తిరుగుడు బందరు నుంచి దివిసీమ చివరిదాకా. నేనేమో పుట్టు వాగుడుకాయని. ఆదివారం గుళ్ళో సాక్ష్యం చెప్పడానికి నేను లేస్తే మా పాస్టరుగారు ముందుగానే గడియారం చూసుకుంటారు. అలాంటిదాన్ని తీసుకొచ్చి, నా మాట ఒక్కటి కూడా వినపడని మనుషుల మధ్య పడేశాడు దేవుడు. వాళ్ళ అదృష్టం బాగుందని మా ఆయన అనేవాడు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడం, మీ సక్సెస్ స్టోరీ ఒకటి చెప్పండి" అంటారు. సక్సెస్ స్టోరీలు ఆఫీసు బ్రోచర్లలో ఫొటోలతో సహా కావలసినన్ని ఉన్నాయి, చదువుకోండి. నేను మాత్రం నా తెలివితక్కువతనం చెప్తాను. అది ఎక్కడా అచ్చుకాలేదు, ఎందుకంటే ఆ రిపోర్టు రాసింది నేనే.

అవనిగడ్డకి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్ళో ఆయన ఉండేవాడు. వినపడకపోయినా నేను ఆయన్ని మావయ్యా అనే పిలిచేదాన్ని. నాకప్పుడు నలభై ఐదు, ఆయనకి అరవై దగ్గరపడ్డాయి. పుట్టుకతోనే వినికిడి లేదు. నలభై దాటాక చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. అంతకుముందు బందరు పక్కన గిలకలదిండి హార్బరులో వలలు బాగుచేసేవాడు. పెద్ద బోట్లవాళ్ళు చిరిగిన వల తెచ్చి ఆయన ముందే పడేసేవాళ్ళట. చూపు పోగానే భార్య వెళ్ళి ఇంటికి తీసుకొచ్చేసింది. వసారాలో నులకమంచం వేసి కూర్చోబెట్టింది. నేను వెళ్ళేనాటికి ఆ మంచంమీద ఆరేళ్ళయింది.

ఆవిడని నేను అత్తయ్యా అనేదాన్ని. చెడ్డ మనిషి కాదు. వేళకి అన్నం కలిపి ముద్దలు పెట్టేది, స్నానం చేయించేది, మీసం దువ్వేది. అవును, మావయ్యకి మీసం ఉండేది, రెండు చెంపలమీదికీ వెళ్ళేంత మీసం. అదంటే ఇద్దరికీ ప్రాణం. గుమ్మం మాత్రం దాటనిచ్చేది కాదు.

మొదట నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. అప్పట్లో చూపులేనివాళ్ళు ఎవరొచ్చినా మా ఆఫీసువాళ్ళం కొవ్వొత్తులు చేయించేవాళ్ళం. ఎందుకని అడక్కండి, నాకూ తెలియదు. మావయ్యకీ మూడు వారాలు నేర్పాను. నాలుగో వారం వెళ్ళేసరికి మైనం ముద్ద ముద్దలాగే ఉంది. వత్తుల దారం ఉండ మొత్తం తీసి ఆయన వల అల్లేశాడు. దాన్ని వంటింటి కిటికీకి కట్టాడు. రోజూ ఆ కిటికీలోంచి దూరి చేపలెత్తుకుపోయే పిల్లి ఆ రోజునుంచి రావడం మానేసిందని అత్తయ్య చెప్పింది. అప్పుడుగానీ నా బుర్ర వెలగలేదు.

"నీకేం కావాలి మావయ్యా?" అని అప్పుడడిగాను. మూడు వారాల తర్వాత.

మేము మాట్లాడుకునే పద్ధతి ఇది. ఆయన సైగ చేస్తే నేను చూసేదాన్ని. నేను సైగ చేసేటప్పుడు ఆయన తన చేతులు నా చేతులమీద పెట్టి చదివేవాడు. ప్రతి మనిషికీ ఆయన దగ్గర ఒక సైగ పేరుండేది. ముక్కుపుడక తిప్పితే అత్తయ్య. ముంజేతిమీద చేప పొలుసు గీరినట్టు చేస్తే గిలకలదిండిలో చేపలమ్మే చెల్లెలు. కణతలమీద రెండు వేళ్ళు రుద్దితే నేను. బస్సు తిరుగుడుకి నాకెప్పుడూ తలనొప్పే, రెండు కణతలకీ బామ్ పట్టించకుండా గడప దాటేదాన్ని కాదు.

ఆయన జవాబు చెప్పాడు. వేళ్ళతో ముడివేసి చూపించాడు, అంటే వల. బస్సు స్టీరింగు తిప్పాడు. తర్వాత ఒక్క వేలెత్తి గుండెకి ఆనించుకున్నాడు. ఒక్కడినే.

సోమవారం వెళ్ళి చెల్లెలింట్లో ఉండి, శనివారం దాకా వలల షెడ్డులో పనిచేసి తిరిగొస్తాడు. చెల్లెలు సరేనంది. షెడ్డువాళ్ళు, "ఆ చేతులకి కళ్ళెందుకమ్మా, పంపించండి" అన్నారు. అత్తయ్య మాత్రం నామీద విరుచుకుపడింది.

"ఏమ్మాయ్, మతుండే మాట్లాడుతున్నావా? కళ్ళున్నవాళ్ళే బందరు బస్టాండులో ఒక బస్సుబదులు ఇంకో బస్సెక్కుతున్నారు."

"నేర్పుతానత్తయ్యా. మూడు నెలలు టైమివ్వండి."

"నువ్వు నేర్పిన కొవ్వొత్తులు చూశాంగా."

అయినా వదల్లేదు. రోజూ వెళ్ళి చెవిలో జోరీగలా పోరాను. చివరికి ఆవిడ విసిగిపోయి ఒక షరతు పెట్టింది.

"ఒక్కసారి పంపుతా. ఒక్కసారే. మధ్యాహ్నం రెండు కొట్టేలోగా మా ఆడపడుచు దగ్గర్నించి ఫోను రావాలి, అన్నయ్య వచ్చాడని. నువ్వు వెనకాల దూరంగా ఉంటే ఉండు. చెయ్యి పట్టుకున్నావో, బస్సెక్కించావో, ఆట అయిపోయినట్టే. ఆ తర్వాత మంచం దిగనని ఆయనతో ఒట్టేయించు."

నేను ఆ మాటలన్నీ ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన తడుముకుంటూ వెళ్ళి ఆవిడ నెత్తిమీద చెయ్యివేసి ఒట్టేశాడు. మావయ్య ఒట్టంటే ఒట్టే. ఓడిపోతే ఇంక ఎవరు లాగినా ఆ మంచం దిగడని నాకు తెలుసు.

ఇక కార్డుల సంగతి. దారిలో సాయం అడగడానికి ఆయనకి అయిదు అట్టముక్కలు చేసిచ్చాను. ప్రతిదానిమీదా పైన, "నాకు కనపడదు, వినపడదు" అని ఉంటుంది. దానికింద పని. బందరు బస్సు ఎక్కించండి అని ఒకటి, గిలకలదిండి వలల షెడ్డుకి ఆటో ఎక్కించండి అని రెండోది, ఒక టీ ఇవ్వండి అని మూడోది, మరుగుదొడ్డి చూపించండి అని నాలుగోది. అయిదోది మంగలి షాపుకి, మొహం నున్నగా గీయండి అని, అన్నిటికన్నా కింది లైనులో మీసం ముట్టుకోవద్దు అని. ఏది ఏదో ఆయనకి వేలికి తెలియడానికి అంచుమీద కత్తెరతో గాట్లు పెట్టాను. బస్సుకి ఒక గాటు, ఆటోకి రెండు, టీకి మూడు, మరుగుదొడ్డికి నాలుగు, మంగలికి అయిదు. మూడు నెలలు వాటితోనే సాధన చేశాం. బొటనవేలు అలా అంచుమీద జారితే చాలు, కావలసిన కార్డు పైకొచ్చేది.

మూడు నెలలకి ఆ కార్డులు చెమటకీ, టీ మరకలకీ నల్లబడి అసహ్యంగా తయారయ్యాయి. ఆ నెలలోనే పెద్దాఫీసు నుంచి ఎవరో వస్తారని, ఫొటోలు తీస్తారని మా సూపర్‌వైజరు సారు చెప్పారు. నాకు పరువు పిచ్చి పట్టుకుంది. మళ్ళీ గుండ్రటి చేతిరాతతో కొత్త కార్డులు రాశాను, గాట్లు పెట్టాను, బందరులో ఒక జిరాక్సు షాపుకి తీసుకెళ్ళి లామినేషన్ చేయించాను. ఆ షాపాయన, "మేడం, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఏం చేయమంటారు?" అని అడిగాడు కూడా. పక్కనే ఎవరో తెలిసినావిడ కనపడితే నేను లోకాభిరామాయణంలో పడి, "నీట్‌గా కోసెయ్యండి" అన్నాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను వాడిన మాటలన్నిటిలోకీ దరిద్రపు మాట అది.

ఆయన నీట్‌గానే కోశాడు. కార్డులు నిగనిగలాడుతున్నాయి. నేను మురిసిపోయి కొత్త సంచిలో వేసి, మావయ్యకి సర్‌ప్రైజుగా ఉండాలని ముందురోజు సాయంత్రం వాళ్ళబ్బాయి చేతికిచ్చి పంపాను. పిల్లలూ, మీకు ఈ ఉద్యోగంలో నేను చెప్పగలిగింది ఇంతే. వాళ్ళ వస్తువు మార్చితే, మార్చినదాన్ని ముందు వాళ్ళ చేతిలో పెట్టండి. సర్‌ప్రైజులు మీ ఇంట్లో చేసుకోండి.

ఆ సోమవారం పొద్దున ఏడున్నరకి అవనిగడ్డ బస్టాండులో వాళ్ళబ్బాయి ఆయన్ని బండిమీంచి దింపి వెళ్ళిపోయాడు. తెల్లచొక్కా, చేతికర్ర, మెడలో కొత్త సంచి, దువ్విన మీసం. నేను అప్పటికే అరటిగెలల వెనకాల మాటువేసి ఉన్నాను. వెనకాల మనమున్నట్టు వాళ్ళకి తెలియకూడదని మా సారు నియమం, తెలిస్తే మనమీద ఆధారపడతారట. అందుకని రోజూ కట్టే చీర మానేసి వేరేది కట్టాను. గాజులు తీసేశాను. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకున్నాను. వినపడని మనిషి వెనకాల చెప్పులు విప్పి పిల్లిలా నడిచిన మహామేధావిని నేను.

మావయ్య సంచిలోంచి కార్డులు తీశాడు. బొటనవేలు అంచుమీద జార్చాడు. ఆగాడు. ఇంకో అంచు చూశాడు. నాలుగు అంచులూ, అయిదు కార్డులూ తడిమి తడిమి చూశాడు. నున్నగా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ప్రభువా, నీట్‌గా కోసెయ్యమన్నానే.

పరిగెత్తబోయాను. రెండడుగులు వేసి ఆగిపోయాను. చెయ్యి పట్టుకుంటే ఆట అయిపోయినట్టే. వాళ్ళబ్బాయి బండి ఇంకా మలుపు కూడా తిరగలేదు. నా ఒక్క అడుగుతో ఆ మనిషి బతుకంతా మంచంమీదికి పోతుంది. అరటిగెలల వెనక్కి వచ్చేసి చూస్తూ నిలబడ్డాను.

ఆయన కాసేపు ఆలోచించి, ఒక కార్డు తీసి ముందుకి చాపాడు. ఒక కండక్టరు వచ్చి చదివి, మర్యాదగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఎక్కడికి? మరుగుదొడ్డికి. రెండు నిమిషాల్లో బయటికొచ్చి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు మావయ్య. ఆ కార్డుని నోటి దగ్గర పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. కోపమొచ్చిందో, ఆకలేసిందో, మతే పోయిందో నాకు తెలియలేదు. ఒక బందరు బస్సు వెళ్ళిపోయింది.

"ఎవరికోసమమ్మా దాక్కున్నావ్?" అని వెనకనుంచి వినపడింది. పూలమ్ముకునే ముసలావిడ.

"ఎవరికోసమూ కాదండి."

"ఆ మీసాలాయన్నే చూస్తున్నావుగా ఇందాకట్నించీ. మొగుడా?"

"కాదండీ బాబూ. ఉద్యోగం."

"ఇదేం ఉద్యోగమమ్మా, చెప్పులు చేత్తో పట్టుకుని."

రెండో కార్డు టీ అయింది. టీకొట్టాయన మోచేతిమీద తట్టి గ్లాసు చేతికిచ్చాడు. తాగి, డబ్బులిచ్చి, మావయ్య ఆ కార్డునీ కొరికాడు. రెండో బస్సు వెళ్ళిపోయింది. మూడో కార్డు తీశాడు. ఒక కాలేజీ అమ్మాయి చదివి, నవ్వుకుని, ఎదురుగా ఉన్న మంగలి షాపులో కూర్చోబెట్టింది.

సరే, గడ్డమేగా అనుకున్నాను. గడ్డం అయ్యాక ఆ మంగలాయన కార్డు మరోసారి చూసి, కత్తి మీసంమీద పెట్టాడు. మీసం ముట్టుకోవద్దు అన్నది కింది లైను. షాపాయన అంచు కోసినప్పుడు ఆ లైను కూడా నీట్‌గా వెళ్ళిపోయింది. మావయ్య ఆయన మణికట్టు పట్టుకునేసరికే సగం మీసం కిందపడింది. మావయ్య మిగిలిన సగాన్ని తడుముకున్నాడు, లేని సగాన్ని తడుముకున్నాడు, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, అదీ తీసెయ్యమని చేత్తో చూపించాడు.

"మీసం కూడా తీయిస్తున్నాడంటే వేషం మారుస్తున్నాడన్నమాట" అంది పూలావిడ. "జాగ్రత్తమ్మా. నాకు తెలిసినాయన ఒకాయన ఇలాగే పోయాడు."

బయటికొచ్చి ఆ కార్డుని కూడా కసిగా కొరికాడు మావయ్య. మూడో బస్సూ పోయింది. టీ తాగి, నున్నగా గీయించుకుని, పౌడరు కూడా రాయించుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు, ప్రయాణం మాత్రం ఒక్క అడుగు కదల్లేదు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. నాలుగో కార్డు చాపాడు. ఒక కంట్రోలరు చదివి, అప్పుడే వచ్చిన బందరు పల్లెవెలుగులో డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. నేను పరుగున వెళ్ళి వెనక తలుపునుంచి ఎక్కి, ఆయన వెనక మూడో వరసలో కూర్చున్నాను.

బస్సు కదిలాక ఆయన నాలుగో కార్డుని కొరికాడు, మిగిలిన అయిదోదాన్నీ కొరికి సంచిలో పెట్టుకున్నాడు. పులిగడ్డ అక్విడక్టుమీదికి బస్సెక్కగానే చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, ఏటిగాలి వేళ్ళమధ్యనుంచి పోతుంటే తనలో తనే నవ్వుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆ గాలి. ఇంక గెలిచినట్టే అనుకున్నాను.

చల్లపల్లిలో బస్సు ఆగింది. సరిగ్గా అప్పుడే మా సారు ఫోను. బస్సులో గోలకి ఏమీ వినపడక, సంచి సీట్లోనే వదిలేసి కిందికి దిగాను.

"మేడం, ఒక ముఖ్యమైన విషయం మీకు గుర్తుచేద్దామని" అన్నారు సారు. "ఇలా వెనక వెళ్ళేటప్పుడు మనిషిమీంచి చూపు ఒక్క క్షణం కూడా తిప్పకూడదు."

"అలాగే సార్."

"ఎందుకంటే ఆ ఒక్క క్షణంలోనే తప్పిపోతారు. నేను సర్వీసులో చేరిన కొత్తల్లో ఏమైందంటే..."

ఆయన కథ చెప్పారు. నేను ఊఁ కొట్టాను. కథ అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే బస్సు లేదు.

బస్సులో నా సంచి. సంచిలో డబ్బులు, బామ్ సీసా, మధ్యాహ్నానికి పులిహోర. చేతిలో ఉన్న ఫోనుకి సారు కథ విన్నాక ప్రాణం కొసమీదుంది. మావయ్య చెల్లెలికి రెండుసార్లు చేస్తే ఎత్తలేదు, చేపల వేలంపాట దగ్గరుందేమో. మూడోసారి ఫోనే ఆరిపోయింది. నంబర్లన్నీ దానిలోనే. చూపుంది, వినికిడుంది, ఊరంతా వినపడే నోరుంది, ఏం చేయాలో మాత్రం తెలియలేదు. నాకూ ఒక కార్డు ఉంటే బాగుండుననిపించింది.

కనపడినవాళ్ళనల్లా బందరుకి ఎక్కించుకోమని అడిగాను. ఒక షేర్ ఆటో ఆయన నన్ను ఎగాదిగా చూసి, "డబ్బుల్లేవు, చెప్పులు చేతిలో ఉన్నాయి, ఏమైందమ్మా, ఇంట్లో గొడవా?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. చివరికి పన్నెండున్నర ప్రాంతంలో ఐసు గడ్డలు వేసుకుని గిలకలదిండి వెళ్తున్న వ్యానొకటి ఆగింది. ముందు చోటు లేదు. వెనకాల ఐసుమీద గోనెపట్టా కప్పి ఉంది, కూర్చుంటే కూర్చోండి అన్నాడు డ్రైవరు. కూర్చున్నాను. దారిలో టైరు పంక్చరైంది, దానికో గంట.

ఆ దారంతా ఏమనుకున్నానో చెప్తాను. బందరు బస్టాండులో ఆయన దిగుతాడు, ఏ కార్డు ఇస్తాడు? మళ్ళీ టీ తాగుతాడు, మళ్ళీ మరుగుదొడ్డికి వెళ్తాడు, గీయడానికి ఇంక వెంట్రుక కూడా లేదు. రెండు దాటుతుంది. అత్తయ్య ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇంటికొచ్చి ఆయన ఆ మంచంమీద పడుకుంటాడు, ఇంక లేవడు. నా చేతిరాత అందం కోసం, ఎవడో ఫొటో తీస్తాడని, ఒక మనిషిని కట్టేశాను. ఐసుమీద కూర్చుని చెమటలు కార్చింది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గిలకలదిండిలో దిగేసరికి రెండున్నర. నడుము కింద స్పర్శ లేదు. కాళ్ళీడ్చుకుంటూ షెడ్డుకి వెళ్ళాను.

వలల గుట్ట మధ్యలో మావయ్య కూర్చుని ఉన్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చేతిలో సూది చకచకా ఆడిస్తున్నాడు. భుజానికి నా హ్యాండుబ్యాగు వేలాడుతోంది. మీసంలేని మొహం, నుదురంతా బామ్ పూసి తళతళా మెరుస్తోంది. నేను అక్కడే కూలబడి భోరుమని ఏడ్చాను. వలలు బాగుచేసేవాళ్ళందరూ పని ఆపి చూశారు.

ఆయన ముక్కు ఎగబీల్చాడు. చేతిలో సూది ఆగింది. రెండు వేళ్ళు కణతలమీద రుద్దుకుని, చెయ్యి చాపాడు. పట్టుకుంటే నా వేళ్ళు ఐసులా ఉన్నాయని ముందు ఉలిక్కిపడి, తర్వాత నోటి దగ్గర ముద్ద పెట్టుకున్నట్టు సైగ చేశాడు. తిన్నావా అని.

చెల్లెలు గిన్నె తీసుకుని వచ్చింది. "వచ్చావా తల్లీ. నీకోసం బస్టాండుకి మనిషిని పంపమని అన్నయ్య ఒకటే గోల. పదకొండున్నరకే దిగాడు ఆటోలో. నీ సంచి చూపించి, నువ్వు చల్లపల్లిలో తప్పిపోయావని చెప్పాడు."

"ఆయనకెలా తెలుసు?"

"నువ్వు అవనిగడ్డనుంచీ వెనకాలే ఉన్నావంట. ఆ బామ్ కంపు దాస్తే దాగేదా ఏంటి? చల్లపల్లి దాటాక వాసన ఆగిపోయిందంట. లేచి సీట్లన్నీ తడుముకుంటా వెళ్తే సంచి దొరికిందంట. బస్సాపమని కండక్టరుకి కణతలు రుద్ది చూపించాడంట, వెనక్కి చెయ్యి చూపించాడంట. ఆ కండక్టరు తలనొప్పేమో అనుకుని, నీ సంచిలో బామే తీసి నుదుటికి రాశాడంట."

చీర మార్చాను, గాజులు తీశాను, చెప్పులు విప్పాను, బామ్ మాత్రం మామూలుగానే పట్టించాను. నేను మావయ్య చేతులు నా చేతులమీద పెట్టుకుని చెప్పాను. గాట్లు కోయించింది నేనే. తప్పు నాది. మీసం కూడా నేనే తీశాను. ఆయన తలాడించి, సంచిలోంచి కార్డులు తీసి నా చేతిలో పెట్టాడు.

ప్రతి కార్డు అంచుమీదా పంటిగాట్లు. మరుగుదొడ్డికి నాలుగు, టీకి మూడు, మంగలికి అయిదు, బస్సుకి ఒకటి. ఇంకేది మిగిలితే అదే ఆటో కాబట్టి దానికి రెండు. వలదారం కొరికి కొరికి అరిగిన పళ్ళు, లామినేషన్ ఒక లెక్కా. బస్టాండులో ఆయన మతి పోయి నిలబడలేదు. ఎవరు ఎక్కడికి తీసుకెళ్తే ఆ కార్డు అదన్నమాట అని, ఒక్కొక్కటే పరీక్షించి గుర్తు పెట్టుకుంటున్నాడు. గంటన్నరలో నా మూడు నెలల పనిని నోటితో మళ్ళీ చేసుకున్నాడు. నేనేమో అరటిగెలల వెనకాల ప్రార్థన చేస్తున్నాను.

చెల్లెలు నాకు చేపలపులుసుతో అన్నం పెట్టి, అత్తయ్యకి మళ్ళీ ఫోను కలిపింది.

"పన్నెండు లోపే చెప్పాగా వదినా, మీసం లేదుగానీ మనిషి వచ్చాడని. ఇప్పుడా మేడం కూడా వచ్చింది. ఇస్తున్నా."

ఫోను తీసుకుని మొత్తం చెప్పేశాను. కార్డులు పాడుచేసింది నేనని, ఆయన తప్పు ఏమీ లేదని, మీసం మళ్ళీ వస్తుందని, ఈ మనిషిని మంచంమీద కూర్చోబెడితే దేవుడు మనిద్దర్నీ క్షమించడని. పాస్టరుగారు లేరు కాబట్టి ఆపేవాళ్ళు లేరు.

"ఇదుగో అమ్మాయ్" అంది చివరికి అత్తయ్య. "ఆయన్ని ప్రతి సోమవారం పంపుతా. ఒక్కడ్నే పంపుతా. నువ్వు మాత్రం వెనకాల వెళ్ళకు. నిన్ను వెతుక్కోవడం మావల్ల కాదు."

ఆ సాయంత్రం రిపోర్టులో ఇలా రాశాను: లబ్ధిదారుడు అనుకున్న సమయానికి చేరుకున్నారు. సిబ్బంది చేరుకోవడంలో కొంత జాప్యం జరిగినది. సారు సంతకం పెట్టారు.

మావయ్య తర్వాత ఎనిమిదేళ్ళు అలాగే వెళ్ళొచ్చాడు. మీసం నాలుగు నెలల్లో వచ్చింది. ఆ రోజు షెడ్డులో నేను బయల్దేరబోతుంటే మాత్రం ఆయన నా చెయ్యి వదల్లేదు. ఇంకో కార్డు కావాలన్నాడు. ఆరోది. ఏం రాయాలో చేతులతో చెప్పాడు, చెల్లెలు చెప్పినదాన్నిబట్టి సరిచూసుకుంటూ, చేపల డబ్బా అట్టముక్క చింపి రాశాను. రాశాక తీసుకుని, అంచుమీద ఆరుసార్లు కొరికి, సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు. నా గుండ్రటి చేతిరాతతో దానిమీద ఇలా ఉంది:

"నా వెనకాల ఒకావిడ వస్తుంది. ఆవిడకి కనపడుతుంది, వినపడుతుంది. అయినా తప్పిపోతుంది. దయచేసి ఆవిడని కూడా బస్సెక్కించండి."